బెంగళూరులో టియర్‌డ్రాప్ క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకోవాలంటే: కాగితాల నుంచి కమాను పట్టీల దాకా

టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటే కారు వెనక లాక్కెళ్లే చిన్న గది. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి పోయేకొద్దీ వాలిపోతుంది. లోపల ఇద్దరికి సరిపోయే పరుపు ఉంటుంది. వెనక డిక్కీలా పైకి లేచే తలుపు, దాని కింద వంటగట్టు ఉంటాయి. 1930లలో అమెరికాలో మొదలైన ఈ బండిని రెండో ప్రపంచ యుద్ధం తరవాత అక్కడ ఎందరో ఇంటి షెడ్లలో సొంతంగా కట్టుకున్నారు. లేపాక్షికో, హార్స్‌లీ హిల్స్‌కో, గండికోటకో శుక్రవారం సాయంత్రం బయల్దేరే మనలాంటి బెంగళూరు తెలుగువాళ్లకు ఇంతకంటే ముచ్చటైన బండి లేదని నా నమ్మకం.

దీన్ని చెక్క పనిగా చూసి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. కానీ ఇది ముందు వాహనం, తరవాతే గది. కాగితాలు, కారు, బరువు, ఇరుసు తేలాకే రంపం పట్టుకోవాలి. ఈ వరస తప్పితే ఎంత అందంగా కట్టినా బండి ఇంటి ముందే ఉండిపోతుంది. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

1. ముందు ఆర్టీవో

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. లాగే కారు నంబరు కూడా ట్రైలర్ వెనక కనబడాలని 61వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం 2004లో ఇచ్చిన వాహన రకాల నోటిఫికేషన్‌లో సొంత వాడకానికి ఉండే క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో ఉంది. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు అమ్మినవాళ్ల ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 అడుగుతారు. పైన బాడీ వేరేవాళ్లు కట్టినప్పుడు వాడేది ఫారం 22-ఏ. వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించిన ఛాసిస్‌కు ఈ కాగితాలు ఎవరూ ఇవ్వలేరు. అందుకే నా సలహా ఒకటే. ఛాసిస్, యాక్సిల్, కప్లర్ (కారు హిచ్‌కు తగిలే ముందు కొస) మూడూ గుర్తింపు ఉన్న ట్రైలర్ తయారీదారు దగ్గర, మీ కొలతలతో, కాగితాలతో సహా తీసుకోండి. పైన గది మాత్రం మీ చేతులతో కట్టండి. డబ్బు కాస్త ఎక్కువే అవుతుంది. అయినా చెక్‌పోస్టులో బండి ఆపినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

డ్రాయింగ్ అయిన వెంటనే, ఒక్క రూపాయి ఖర్చు కాకముందే, దాన్ని పట్టుకుని మీ పరిధిలోని ఆఫీసుకు వెళ్లండి. కేఆర్ పురం వైపు వాళ్లకు అది కేఏ-53, యలహంక వాళ్లకు కేఏ-50. పొడవు, వెడల్పు, ఎత్తు, అంచనా బరువు, లైట్ల అమరిక ఒకే పేజీలో ఉంటే ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడటం తేలిక. వాళ్లు అడిగే మార్పులు కాగితం మీద ఉన్నప్పుడే చేసుకోవచ్చు.

2. మీ కారు లాగగలదా

కారు ఓనర్స్ మాన్యువల్‌లో ట్రైలర్ గురించిన పేజీ చదవండి. కొన్ని కార్లకు లాగగలిగే బరువు రాసి ఉంటుంది. కొన్నిటికి ట్రైలర్ వద్దనే రాసి ఉంటుంది. వద్దంటే వద్దు, అక్కడితో ఆగండి. బ్రేకుల్లేని ట్రైలర్‌కు యూరప్‌లో పాటించే హద్దు మనకూ మంచి కొలత. ట్రైలర్ మొత్తం బరువు ఖాళీ కారు బరువులో సగం దాటకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ 750 కిలోలు మించకూడదు. మన చిన్న కార్లు 900 నుంచి 1100 కిలోలు ఉంటాయి. అంటే సామానుతో కలిపి 450 కిలోల లోపు కట్టాలి. ఈ 450ని గోడ మీద రాసుకోండి.

టో హిచ్ (కారు వెనక ట్రైలర్‌ను తగిలించే ఇనుప అమరిక) బంపర్‌కు కాకుండా కారు ఛాసిస్ భాగానికి బిగించాలి. హిచ్ చివర ఉండే బంతి 50 మి.మీ. సైజుదైతే కప్లర్ కూడా 50కే ఉండాలి. అమెరికా సైజు 2 అంగుళాలు, అంటే 50.8 మి.మీ. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కలిపి వాడకండి. హిచ్ పెట్టిన సంగతి కారు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

3. బరువు పుస్తకం

ఒక నోట్‌బుక్ తీసుకుని కొనే ప్రతి వస్తువు బరువూ అందులో రాయండి. ఇంతకంటే విలువైన పనిముట్టు ఈ పనిలో ఇంకోటి లేదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గదికి నేను వేసే లెక్క ఇది: ఛాసిస్ 60 కిలోలు, యాక్సిల్, కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), చక్రాలు కలిపి 75, కప్లర్, జాక్, మడ్‌గార్డులు 15, ఫ్లోర్ 24, రెండు పక్క గోడలు 48, పైకప్పు పొరలు, దూలాలు 30, అల్యూమినియం రేకు 13, వెనక తలుపు 15, అలమరలు, మధ్య గోడ 25, తలుపులు, కిటికీలు 12, బ్యాటరీ, వైరింగ్ 18, పరుపు 10. మొత్తం 345. దానిపైన 20 లీటర్ల నీళ్ల క్యాన్, గ్యాస్, స్టవ్, గిన్నెలు, బట్టలు, మడత కుర్చీలు కలిపి 90 దాకా వస్తాయి. 435 దగ్గర ఆగాం. మిగులు పదిహేను కిలోలే.

ఇప్పుడు చూడండి. 8×4 ప్లైవుడ్ షీటు 12 మి.మీ. అయితే దాదాపు 24 కిలోలు, 18 మి.మీ. అయితే 36. “గట్టిగా ఉంటుంది సార్, 18 వేద్దాం” అని కార్పెంటర్ అనడం ఖాయం. ఫ్లోర్‌కీ రెండు గోడలకీ సరే అన్నారంటే 36 కిలోలు అక్కడే పోయాయి. ఇల్లు కట్టేవాళ్ల దృష్టిలో మందం అంటే భద్రత. లాక్కెళ్లే బండికి మందం బ్రేకుల మీద పడే భారం. ప్రతి చోటా “ఇది పలచగా చేస్తే ఏమవుతుంది” అని అడిగి, నిజంగా విరిగే చోట మాత్రమే మందం పెంచండి.

4. కొలతలు పైకప్పు నుంచి కిందికి

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. అల్యూమినియం రేకు మన దగ్గర మామూలుగా 4 అడుగుల, అంటే 1220 మి.మీ. వెడల్పులో దొరుకుతుంది. పొడవు రోల్ నుంచి కోయించుకోవచ్చు, వెడల్పును మాత్రం పెంచలేం. పైకప్పు మీద అతుకు లేకపోవడమే వానకు అసలు మందు కాబట్టి బయటి వెడల్పు 1220 దాటకూడదు. 12 మి.మీ. గోడలు ఫ్లోర్‌కు బయటి అంచుల్లో బిగుస్తాయి. అందువల్ల ఫ్లోర్ వెడల్పు 1196, ఛాసిస్ వెడల్పు కూడా 1196. నేరుగా 1220 ఛాసిస్ చేయించారంటే రేకు 24 మి.మీ. తక్కువ పడుతుంది. ఇద్దరూ భారీ మనుషులైతే 5 అడుగుల వెడల్పు సుఖమే. కానీ అప్పుడు పైకప్పు మీద అతుకు, దాని మీద పట్టీ, ఏటా సీలింగ్ తప్పవు. మొదటి బండికి 4 అడుగులే మంచిది.

పొడవు 2440లో పడకకు 1900 పోను మిగిలిన 540 వంటగట్టుకు. కాళ్ల వైపు పరుపు కొంత వంటగట్టు కింది అరలోకి చొచ్చుకుపోయేలా చేస్తే పొడగరులకూ సరిపోతుంది. గది ముందు భాగం నుంచి కప్లర్ బంతి దాకా 1150 ఉంచండి. దీనికంటే తక్కువైతే మలుపులో గది మూల కారు బంపర్‌కు తగులుతుంది, కారు డిక్కీ కూడా తెరుచుకోదు.

అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో పెట్టేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. ర్యాంపు మొదట్లోనూ చివర్లోనూ ట్రైలర్ తోక (గది ముందు నుంచి కప్లర్ దాకా సాగే భాగాన్నే తోక అంటున్నాను), జాక్ నేలకు రాసుకోకూడదు. చక్రాలతో కలిపి ఎత్తు 1.7 మీటర్లలోపే ఉంటుంది కాబట్టి పైన ఇబ్బంది రాదు.

పక్క గోడ ఆకారాన్ని కంప్యూటర్‌లో ఎంత గీసినా, ఒకసారి షీటు మీద అసలు సైజులో గీయండి. మేకులు కొట్టి వాటి చుట్టూ పలచటి రీపర్‌నో పీవీసీ కండ్యూట్ పైపునో వంచితే వంపు దానంతట అదే నునుపుగా వస్తుంది. ఎక్కడ వంగనంటుందో అక్కడ రేకు కూడా వంగదు. రెండు గోడలనూ క్లాంపులతో కలిపి ఒకేసారి కోయాలి.

5. ఛాసిస్

50×50×3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) చదరపు పైపు మీటరుకు దాదాపు 4.25 కిలోలు. రెండు నిలువు పైపులు, రెండడుగులకొకటి అడ్డం పైపు, ముందు ‘ఏ’ ఆకారంలో రెండు తోక పైపులు. అంతా కలిపి దాదాపు 14 మీటర్లు. తోక పైపులు గది కింద మొదటి అడ్డం పైపు దగ్గరే ఆగకుండా రెండోదాని దాకా వెళ్లాలి. తోక విరిగే ప్రమాదం ఉండేది ఆ మొదటి జాయింటు దగ్గరే. పీణ్యలో ఈ పని చేసే ఫ్యాబ్రికేటర్లకు కొదవ లేదు. తెలుగు మాట్లాడేవాళ్లు కూడా కలుస్తారు. తయారీదారు దగ్గర చేయించినా, వెల్డింగ్ పూర్తికాకముందు మీరే వెళ్లి రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. 3 మి.మీ. మించి తేడా ఉంటే అక్కడే సరిచేయించండి. ఛాసిస్ వంకర చెక్కలోకి, తలుపుల్లోకి, చివరికి వాన నీళ్లలోకి పాకుతుంది.

రంగుకు బదులు హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయిస్తే తుప్పు గొడవ చాలా ఏళ్లు ఉండదు. అయితే మూసేసిన ప్రతి పైపుకూ ముందే గాలి రంధ్రాలు పెట్టాలి. లోపల చిక్కిన గాలి, తేమ కరిగిన జింకులో పేలుతాయి. ఈ మాట ఫ్యాబ్రికేటర్‌కు మీరే చెప్పండి.

6. యాక్సిల్, చక్రాలు

చక్రాలకు 12 అంగుళాల రిమ్ములు, టాటా ఏస్ లాంటి చిన్న లోడు బళ్లకు వాడే 145 ఆర్12 టైర్లు పెట్టుకోండి. ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఏ పంక్చర్ షాపులోనైనా పనవుతుంది. సరుకు బండి కమాను పట్టీలు ఉన్నవున్నట్టు వేస్తే మాత్రం 450 కిలోలకు అవి వంగవు. ప్రతి హంప్ దెబ్బా నేరుగా చెక్క జాయింట్లకు తగులుతుంది. పట్టీలు తగ్గించి, నిండు బరువులో చక్కగా కుంగుతున్నాయో లేదో చూడాలి. బెంగళూరులో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి హంపులు, గుంతలు తట్టుకున్న బండి దేశంలో ఎక్కడైనా తిరుగుతుంది.

యాక్సిల్ గది ముందు అంచు నుంచి 1450 మి.మీ. దగ్గర, అంటే పొడవులో అరవై శాతం దాటని చోట రావాలి. దాన్ని వెల్డింగ్ చేసేయకుండా, కమాను బ్రాకెట్లు ముందుకీ వెనక్కీ నాలుగైదు రంధ్రాలు జరిగేలా బోల్టులతో పెట్టించండి. కారణం తూకం దగ్గర తెలుస్తుంది.

7. చెక్క పని

బెంగళూరులో జూన్ నుంచి నవంబరు దాకా ఏదో ఒక వాన పలకరిస్తూనే ఉంటుంది. అందుకే కాగితాలు, ఛాసిస్ ఆ నెలల్లో నడిపి, చెక్క, ఎపాక్సీ (చెక్కకు పట్టించే రెజిన్), రంగు పనులు డిసెంబరు నుంచి మార్చి మధ్యలో పెట్టుకోండి. డిసెంబరు రాత్రుల చలికి ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడుతుంది. ఉదయం పూస్తే సాయంత్రానికి పట్టు వస్తుంది.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూసి కొనండి. అది మెరైన్ గ్రేడ్. ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ రకం లోపలి అలమరలకు చాలు. మైసూరు రోడ్డు టింబర్ లేఅవుట్ వైపు వెళ్తే రెండూ పక్కపక్కనే పెట్టి చూడొచ్చు. షీటు అంచులో ఖాళీలు, అతుకులు కనిపిస్తే వద్దనండి. ఆ ఖాళీలోకే నీరు చేరుతుంది.

ప్లైవుడ్ పాడవడం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రానికీ పలచటి ఎపాక్సీ తాగినంత తాగించాలి. ఇంక తాగనన్నాక ఇంకో పూత. ఫ్లోర్ కింది వైపు బిటుమెన్ లేదా కార్లకు వేసే అండర్‌బాడీ కోటింగ్. ఈ పని విసుగ్గా ఉంటుంది, ఎవరికీ కనిపించదు. అయినా బండి ఎన్నేళ్లు బతుకుతుందో తేలేది ఇక్కడే. ఇంకెక్కడ తొందరపడినా ఇక్కడ వద్దు.

ఫ్లోర్‌ను ఎం10 బోల్టులతో, పెద్ద వాషర్లతో, నైలాక్ నట్లతో ఛాసిస్‌కు బిగించండి. మామూలు నట్లు మన రోడ్ల కుదుపుకు వదులవుతాయి. గోడలను ఫ్లోర్ అంచుకు జిగురు, స్టెయిన్‌లెస్ స్క్రూలు రెండూ వేసి కలపాలి.

8. పైకప్పు

గోడల మధ్య 25×40 మి.మీ. పైన్ లేదా బాగా ఆరిన సిల్వర్ ఓక్ దూలాలు, వంపు ఎక్కువున్న చోట దగ్గరదగ్గరగా. లోపలి వైపు 4 మి.మీ. ప్లై, దూలాల మధ్య 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) షీటు, పైన మళ్లీ 4 మి.మీ. ప్లై. గోడలకు ఇన్సులేషన్ లేకపోయినా బెంగళూరు చలికి ఫర్వాలేదు. పైకప్పుకు మాత్రం తప్పదు, గండికోట ఎండలో రేకు కింద మధ్యాహ్నం పడుకోవాలంటే మరీనూ. ఎక్స్‌పీఎస్‌కైనా, దాని బదులు వాడే థర్మోకోల్‌కైనా సాల్వెంట్ ఉన్న రబ్బరు జిగురు తగలనివ్వకండి, కరిగిపోతాయి.

ముందు వైపు గట్టి వంపుకు ప్లైని తడిపి, తడిగుడ్డ కప్పి రాత్రంతా ఉంచి, ఉదయం బెల్టులతో మెల్లగా లాగి కట్టాలి. పూర్తిగా ఆరాకే జిగురు.

ఇక అల్యూమినియం రేకు. దీన్ని ప్లైకి మొత్తం అంటించేయాలని అనిపిస్తుంది. వద్దు. నాలుగు మీటర్ల రేకు, తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నం ఎండకీ మధ్య 40 డిగ్రీల తేడాలో దాదాపు 3.7 మి.మీ. పెరిగి తగ్గుతుంది. చెక్క అంతగా మారదు. అంటిస్తే రేకు ఉబ్బుతుంది, లేదా జిగురు ఊడుతుంది. రేకును వదులుగా పరిచి, అంచుల్లో మాత్రం అల్యూమినియం ఎల్-యాంగిల్‌తో, కింద బ్యుటైల్ టేపుతో (జిగట రబ్బరు పట్టీ) నొక్కి పట్టాలి. స్క్రూ రంధ్రాలు రేకులో కాస్త పెద్దవిగా ఉంటే అది తన పాటికి కదులుతుంది. స్టీలు, అల్యూమినియం తడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. వాటి మధ్య కూడా బ్యుటైల్ టేపు ఉండాలి.

బయట ఎక్కడా సిలికాన్ వాడకండి. దాని మీద రంగు నిలవదు, రెండోసారి సీలింగ్ కూడా పట్టదు. పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వాడండి.

9. వెనక తలుపు

ఈ బండిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే. రెండు ఇబ్బందులు. ఒకటి, వంచి అంటించిన తలుపు విడదీయగానే కాస్త తెరుచుకుంటుంది, కింద గోడకు ఆనదు. రెండు, పై హింజి దగ్గర నీరు దిగుతుంది.

మొదటిదానికి మందు: తలుపు దూలాలను ఒకే చెక్కలోంచి కోయకుండా, 4 మి.మీ. ప్లై ముక్కలు మూడు నాలుగు వంపులోనే జిగురుతో పొరలుగా అంటించి చేయండి. లోపలి, బయటి రెండు తొడుగులూ బండి మీదే, గోడల వంపుకు ఆనించి అంటించి, కనీసం రెండు రోజులు కదపకండి. రెండు తొడుగులూ పట్టుకున్నాక వంపు నిలుస్తుంది. ఒక్క తొడుగుతోనే విడదీస్తే అది సాగిపోతుంది.

రెండోదానికి పొడవాటి పియానో హింజి వేసి, పైన దాన్ని పూర్తిగా కప్పేలా ఈపీడీఎం రబ్బరు పట్టీ ముందు వైపు మాత్రమే బిగించండి. నీరు పట్టీ మీదుగా జారిపోతుంది. గోడ అంచుల్లో ‘యూ’ ఆకారపు అల్యూమినియం కాలువ పెట్టి కింద చివర తెరిచి ఉంచండి. రబ్బరును దాటి వచ్చిన చుక్క కూడా అందులోంచి నేలకు పోతుంది. నీటిని పూర్తిగా ఆపడం కంటే దానికి దారి చూపించడం నమ్మకమైన పద్ధతి. కారు తలుపుల బీడింగ్ రబ్బరు జేసీ రోడ్డులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. డిక్కీ షాకర్లు కూడా అక్కడే. తలుపు బరువును తూచి, దానికి తగ్గ షాకర్లు అడగండి.

అంతా అయ్యాక నీళ్ల పరీక్ష. ఒకరు పైపుతో అన్ని వైపుల నుంచీ ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టాలి, ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. చెమ్మ కనిపించిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నీరు దూరిన చోటు అంతకంటే పైన ఉంటుంది.

10. తలుపులు, గాలి

రెండు వైపులా తలుపులు ఉండాలి. ఒకటి బిగుసుకుపోతే ఇంకో దారి కావాలి కదా. గోడలోంచి కోసిన ముక్కే తలుపు. మూలలు 60 మి.మీ. గుండ్రంగా కోస్తే పగుళ్లు రావు. హింజులు ముందు వైపు రావాలి. అప్పుడు నడిచేటప్పుడు గడియ ఊడినా గాలి తలుపును మూస్తుంది. కిటికీలకు టెంపో ట్రావెలర్లకు వాడే స్లైడింగ్ కిటికీలు రబ్బరుతో సహా దొరుకుతాయి. వాటికి దోమతెర జాలీ తప్పనిసరి.

ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి ఊపిరి, చెమట నుంచి అర లీటరుకు పైగానే తేమ చేరుతుంది. అంత చిన్న గదిలో అది గోడల మీద నీటిబొట్లుగా దిగుతుంది, నెలల్లో బూజు పడుతుంది. కింద ఒక గాలి దారి, పైన ఎదురుగా ఒక గాలి దారి ఉండాలి. పైదానికి 120 మి.మీ. కంప్యూటర్ ఫ్యాన్ చాలు. 12 వోల్టుల మీద మూడు నాలుగు వాట్లకు మించి తీసుకోదు, చప్పుడు కూడా ఉండదు.

11. కరెంటు

ఏసీ అవసరం లేదని ముందే నిర్ణయించుకుంటే అంతా తేలిక. 12.8 వోల్టుల 50 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 వాట్ అవర్స్ ఉంటాయి. లైట్లు, ఫ్యాన్, ఫోన్ ఛార్జింగ్ కలిపి రాత్రికి వంద కూడా దాటవు. ఇంటి ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలకు పైనే ఉంటుంది, బరువు పుస్తకం దాన్ని ఒప్పుకోదు. వంద వాట్ల సోలార్ ప్యానెల్ పైకప్పుకు బిగించకుండా విడిగా పెట్టుకోండి. ట్రైలర్ చెట్టు నీడలో, ప్యానెల్ ఎండలో ఉండొచ్చు.

బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరం లోపల ఫ్యూజు ఉండాలి. ముఖ్యమైన వైర్లు 4 చ.మి.మీ. రాగివి వేయండి. ఛాసిస్ రంధ్రాల్లోంచి వెళ్లే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేయాలి. రోడ్డు కుదుపుకు ఇనుప అంచు వైరును రంపంలా కోసేస్తుంది.

వెనక లైట్లకు ఏడు పిన్నుల ప్లగ్. అంతర్జాతీయ పద్ధతిలో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, తెలుపు ఎర్త్, ఎరుపు బ్రేకు, గోధుమ కుడి టెయిల్, నలుపు ఎడమ టెయిల్, నీలం వెనక ఫాగ్ లైటుకు. ఎర్త్ కోసం బంతి మీద ఆధారపడకండి, తెల్ల వైరు తప్పకుండా వేయండి. కొత్త కార్లలో ట్రైలర్ లైట్లను కారు వైరింగ్‌కు నేరుగా కలపకూడదు. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని కారు లైటు సిగ్నల్‌ను మాత్రం చదివే రిలే మాడ్యూల్ పెట్టించండి. ఎర్ర టేపు వెనక, పసుపు పక్కల, తెలుపు ముందు రిఫ్లెక్టర్లుగా అంటించండి. రాత్రి హైవే మీద ఎత్తు తక్కువ బండి లారీ డ్రైవర్‌కు కనబడాలి.

12. వంటగట్టు, గ్యాస్

వంటగట్టు బయటి నుంచి వాడేది. దానికీ పడకకూ మధ్య గోడ పూర్తిగా మూసి ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే కిందికి దిగుతుంది. అందుకని సిలిండర్ పెట్టే అరకు అడుగుభాగంలో, కింద నేల వైపు తెరుచుకునే రంధ్రం పెట్టండి. 5 కిలోల సిలిండర్, ఐఎస్ఐ గుర్తున్న సురక్ష పైపు చాలు. ప్రయాణంలో వాల్వు మూసి, రెగ్యులేటర్ తీసేయాలి. ఎంత వాన పడుతున్నా గదిలో స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

13. తూకం

బండిని నిండుగా సర్దండి. నీళ్లు, గ్యాస్, బియ్యం, పరుపు, అన్నీ ప్రయాణానికి ఎలా ఉంటాయో అలాగే. కాటా మీద మొత్తం బరువు తూచండి. తరవాత ట్రైలర్‌ను సమమట్టంగా పెట్టి, కప్లర్ కింద బాత్రూం త్రాసు మీద చెక్క దిమ్మ ఉంచి దించండి. అది చూపించేది తోక బరువు. మొత్తంలో 10 నుంచి 15 శాతం, అంటే 435కి 45 నుంచి 65 కిలోల మధ్య రావాలి. మీ కారు హిచ్ అంత మోయగలదో లేదో కూడా చూసుకోండి.

టియర్‌డ్రాప్‌లో వంటగట్టు వెనక ఉండటం వల్ల బరువంతా యాక్సిల్ వెనక చేరుతుంది. కావడిలో వెనక బుట్ట బరువెక్కినట్టు ముందు తేలిపోతుంది. తోక తేలికైన ట్రైలర్ వేగం పెరగగానే అటూ ఇటూ ఊగుతుంది, ఊపు పెరుగుతూ పోయి కారునే తిప్పేస్తుంది. ఈ పనిలో అన్నిటికంటే ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. అందుకే లెక్క నేర్చుకోండి. వస్తువు బరువును యాక్సిల్ నుంచి దాని దూరంతో గుణించి, యాక్సిల్ నుంచి బంతి దాకా ఉన్న దూరంతో భాగించాలి. మన కొలతల్లో ఆ దూరం 2.6 మీటర్లు. యాక్సిల్‌కు 0.8 మీటర్లు వెనక పెట్టిన 20 కిలోల నీళ్లు తోకను 6 కిలోలు తేలిక చేస్తాయి. 1.7 మీటర్లు ముందు, తోక మీద పెట్టెలో ఉంచిన 6 కిలోల బ్యాటరీ దాదాపు 4 కిలోలు కలుపుతుంది. అందుకే బ్యాటరీ ముందు ఉండాలి, నీళ్లు వీలైతే యాక్సిల్ మీదికి రావాలి. సర్దినా లెక్క కుదరకపోతే కమాను బ్రాకెట్లను ఒక రంధ్రం వెనక్కి జరపండి. తోక బరువెక్కుతుంది.

14. రోడ్డు మీదికి

సేఫ్టీ గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా దాటేలా కట్టండి. కప్లర్ ఊడితే తోక వాటి మీద పడుతుంది, నేలకు గుచ్చుకోదు. మొదట ఖాళీ రోడ్డు మీద, తరవాత నెమ్మదిగా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లాంటి చోటికి, తెల్లవారుజామున. రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో అటే చెయ్యి జరపండి. ఖాళీ మైదానంలో ఒక గంట చేస్తే టెన్షన్ పోతుంది.

హైవే మీద 70 దాటకండి. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు కొట్టకూడదు, స్టీరింగ్‌తో సరిచేయడానికి ప్రయత్నించకూడదు. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, దానంతట అదే కుదుటపడుతుంది. తరవాత ఆపి, వెనక బరువును ముందుకు సర్దండి.

మొదటి ప్రయాణానికి హార్స్‌లీ హిల్స్ ఘాటు వద్దు. బళ్లారి రోడ్డు మీదుగా లేపాక్షి మంచిది, 120 కిలోమీటర్లే, రోడ్డు బాగుంటుంది. చిక్కబళ్లాపుర దాటాక ఒకసారి ఆపి చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. కొత్త చక్రాలకు మొదటి 50–100 కిలోమీటర్లలో నట్లు కాస్త వదులవడం మామూలే. అదే సమయంలో హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ మరీ బిగుతుగా ఉందని అర్థం. దాన్ని అక్కడే సరిచేయించాకే బాగేపల్లి వైపు కదలండి. ఆపైన ఏడాదికోసారి, వానలు వెళ్లాక, బేరింగ్‌లు విప్పి గ్రీజు మార్చి, రేకు అంచుల సీలింగ్ అంతా వేలితో తడిమి చూసుకోండి.